కాలేజీకి గుర్తింపు తెచ్చేది అధ్యాపకుడే
(కట్టమంచి రామలింగారెడ్డి స్మారకోపన్యాసం – ఖైతాన్, కువైట్)



కట్టమంచి రామలింగారెడ్డిగారి పేరు మీద మాట్లాడమని మీరు పిలిచినప్పుడు విషయం కోసం నేను వెతుక్కోలేదు. చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో 1880లో పుట్టి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయినవారు ఆయన. ఈ హాల్లో చిత్తూరు, రాజంపేట, రాయచోటి, కడప వైపు నుంచి వచ్చినవారు చాలామంది ఉన్నారు. ఇంజనీర్లూ ఉన్నారు. కాలేజీ విలువ ఎక్కడ తయారవుతుందన్న ప్రశ్నకు రెడ్డిగారు పనితో జవాబు చెప్పారు. అదే ప్రశ్న 2018లో మీ అకామాల (నివాస అనుమతుల) మీదికే వచ్చింది.

ఆ ఏడాది మార్చిలో ఏం జరిగిందో మీకు నేను చెప్పనక్కరలేదు. అయినా ఈ ఉపన్యాసం పుస్తకంగా ఊళ్లకు వెళుతుంది కాబట్టి రెండు మాటలు. ఇంజనీరు హోదాలో ఉన్న విదేశీయుడి అకామా రెన్యూవల్ కావాలంటే కువైట్ సొసైటీ ఆఫ్ ఇంజినీర్స్ నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తేవాలని ఇక్కడి మ్యాన్‌పవర్ అథారిటీ ఉత్తర్వు ఇచ్చింది. మన డిగ్రీలకు సొసైటీ పెట్టిన కొలత మన దేశపు నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ (ఎన్‌బీఏ) గుర్తింపు. యూనివర్సిటీ పట్టా, ఏఐసీటీఈ అనుమతి, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా ఆ కొలతకు సరిపోలేదు. ఐఐటీల్లో చదివినవారికి కూడా చిక్కు వచ్చింది. ఎన్‌బీఏ పుట్టిందే 1994లో. అంతకు ముందు పట్టా పుచ్చుకున్నవారు ఆ గుర్తింపు ఎక్కడి నుంచి తెస్తారు? చాలామంది అకామాలో ఇంజనీరు మాట వదులుకుని సూపర్‌వైజరుగానో టెక్నీషియనుగానో మారారు. అందులో అన్యాయం ఉంది. దాని గురించి మన ప్రభుత్వం, ఎంబసీ కువైట్ అధికారులతో మాట్లాడుతూ వచ్చాయి. ఆ సంగతి అలా ఉంచి, ఆ ఎన్‌బీఏ ముద్ర దేనికి వేస్తారో చూద్దాం.

ఎన్‌బీఏ కాలేజీ మొత్తానికి గుర్తింపు ఇవ్వదు. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ అని ఒక్కొక్క బ్రాంచిని విడిగా చూస్తుంది. కాలేజీని మొత్తంగా చూసేది న్యాక్. 2014 జూన్‌లో ఇంజనీరింగు డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ అకార్డులో భారతదేశం శాశ్వత సభ్యత్వం పొందాక ఎన్‌బీఏ ముద్రకు బయటి దేశాల్లో బరువు పెరిగింది. అనుబంధ కాలేజీలకు 2015లో తెచ్చిన నమూనాలో మొత్తం 1000 మార్కులు. అన్ని అంశాల్లోకీ పెద్ద వాటా అధ్యాపకులది, 200. విద్యార్థులకు తగినంతమంది అధ్యాపకులు ఉన్నారా అన్నదానికి 20, ప్రొఫెసర్లు, అసోసియేట్లు, అసిస్టెంట్ల పాళ్లకు 25, వారి చదువుకు 25, ఉన్నచోట నిలిచి ఉన్నారా అన్నదానికి మరో 25. భవనాలు, ల్యాబులు, సాంకేతిక సహాయం కలిపి 80 మాత్రమే. న్యాక్ లెక్కలోనూ అనుబంధ కాలేజీకి 1000లో 350 మార్కులు బోధనకూ మూల్యాంకనానికీ పోయాయి. బ్రోచరు మీద గాజు గోడల భవనం బొమ్మ చూసి సీటు కొనే తండ్రికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

మార్కులకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది: గుర్తింపుకు కావలసిన పని చేసేది అధ్యాపకుడే. ఒక ఉదాహరణ తీసుకుందాం. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ చెప్పే అధ్యాపకుడు సెమిస్టరు మొదట్లోనే రాసుకోవాలి: ఈ కోర్సు అయ్యేసరికి నా విద్యార్థి ఒక బీముకు బెండింగ్ మూమెంట్ డయాగ్రమ్ తప్పు లేకుండా గీయగలగాలి అని. దాన్నే కోర్సు ఔట్‌కమ్ అంటారు. పరీక్షలో ఏ ప్రశ్న ఏ ఔట్‌కమ్‌ను కొలుస్తుందో గుర్తించాలి. జవాబు పత్రాలు దిద్దాక ఎంతమందికి అది పట్టుబడిందో లెక్కగట్టాలి. సగం మంది తడబడితే మరుసటి ఏడు ట్యుటోరియల్ మార్చాలి, మార్చినట్టు రాసిపెట్టాలి. ఈ పని క్లాసులో నిలబడి చెప్పినవాడు తప్ప ఇంకెవరూ చేయలేరు. మేనేజ్‌మెంటు చేయలేదు, కన్సల్టెంటు చేయలేడు. చూడడానికి వచ్చే ఎవాల్యుయేటర్లలోనూ ఎక్కువమంది అధ్యాపకులే. వారు జవాబు పత్రాలు తిరగేస్తారు, పిల్లలతో విడిగా మాట్లాడతారు. ఫైలులో ఉన్నది క్లాసులో జరిగిందో లేదో తెలుసుకోవడానికి ఒక మంచి అధ్యాపకుడికి పది నిమిషాలు చాలు. తెలిసి కూడా కళ్లు మూసుకుంటే ఆ తప్పు అతనిదే.

ఇక మన దగ్గర జరిగినది. 2008 తరువాత ఫీజు రీయింబర్స్‌మెంటు ఊపులో ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీలు వందల లెక్కన పెరిగాయి. అన్నింటికీ సరిపడా ఎం.టెక్‌లు, పీహెచ్‌డీలు ఎక్కడున్నారు? తనిఖీ రోజు మాత్రమే అధ్యాపకులు రావడం, ఒకే సర్టిఫికెట్టు రెండు మూడు కాలేజీల జాబితాల్లో కనిపించడం అప్పుడు జరిగాయి. ఇది మన జబ్బు మాత్రమే కాదు. 2024లో తమిళనాడులో అన్నా యూనివర్సిటీ అనుబంధ కాలేజీల్లో ఒకే అధ్యాపకుడి పేరు అనేక కాలేజీల జాబితాల్లో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక డీమ్డ్ యూనివర్సిటీకి న్యాక్ గ్రేడు కోసం లంచాలు ఇచ్చారన్న ఆరోపణపై సీబీఐ అరెస్టులు చేసింది. అరెస్టయినవారిలో తనిఖీకి వెళ్లిన ప్రొఫెసర్లు కూడా ఉన్నారు. నేరం తేల్చేది కోర్టు. కానీ ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

అధ్యాపకుడిని ఒక్కడినే నిలదీయడం కూడా న్యాయం కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మేనేజ్‌మెంటు బీరువాలో ఉంటాయి. జీతం నెలలు ఆలస్యమవుతుంది. వేసవిలో అడ్మిషన్ల కోసం ఊరూరా తిరిగి రమ్మంటారు. ఎన్‌బీఏ వస్తోందనగానే మూడేళ్ల ఫైళ్లు మూడు వారాల్లో రాసిపెట్టమంటారు. అలాంటి మనిషి పక్క కాలేజీ ఫైలు తెచ్చి పేరు మార్చి పెడితే, అతని చేత అది చేయించినవారికే ముందు శిక్ష పడాలని నేను నమ్ముతాను. అధ్యాపకుడు నిలవని కాలేజీకి గుర్తింపు ఎలా నిలుస్తుంది?

రామలింగారెడ్డిగారి దగ్గరికి వస్తాను. బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరిన ఆ కొత్త విశ్వవిద్యాలయానికి అప్పుడు ఏ ముద్రా లేదు. ఉప్పు సత్యాగ్రహం నాటి అణచివేతకు నిరసనగా రెడ్డిగారు పదవి వదులుకున్నారు. తరువాత వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు మనుషులను వెతికి తెచ్చారు. భౌతికశాస్త్రానికి సూరి భగవంతం, రసాయనశాస్త్రానికి టి.ఆర్.శేషాద్రి వచ్చారు. హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ అక్కడ పాఠాలు చెప్పారు. 1936లో రెడ్డిగారు తిరిగివచ్చి 1949 దాకా ఆ విశ్వవిద్యాలయాన్ని నడిపారు. ఆ కాలంలోనే గణాంకశాస్త్రవేత్త సి.ఆర్.రావు అక్కడ గణితంలో ఎం.ఏ. చదివారు. వాల్తేరు పట్టా బయటి దేశాల్లో చెల్లిందంటే అది ఆ గురువుల వల్లే. శేషాద్రిగారు 1949 వరకు అక్కడే ఉన్నారు. నేటి భాషలో దాన్నే ఫ్యాకల్టీ రిటెన్షన్ అంటాం.

తల్లిదండ్రులుగా మీకు ఒక విన్నపం. ఖైతాన్‌లోనే కార్మెల్ స్కూలు ఉంది, ఇండియన్ కమ్యూనిటీ స్కూలు శాఖ ఉంది. అక్కడ చదివిన మీ పిల్లల్ని ఇంటరు తరువాత విజయవాడకో హైదరాబాదుకో తిరుపతికో పంపుతారు. ఏజెంటు మాట మీద డబ్బు కట్టకండి. కాలేజీ వెబ్‌సైటులో మ్యాండేటరీ డిస్‌క్లోజరు అని ఉంటుంది, అధ్యాపకుల పేర్లు, చదువు, చేరిన తేదీలు అందులో చూడండి. అందరూ నిరుడే చేరినవారైతే కారణం అడగండి. మీరు చేర్చే బ్రాంచికి ఎన్‌బీఏ ఉందా, ఏ ఏడాది వరకు ఉందో ఎన్‌బీఏ జాబితాలోనే సరిచూసుకోండి. వీలైతే అక్కడ చదివే ఇద్దరు పిల్లలకు ఫోన్ చేసి, జాబితాలో ఉన్న సారు క్లాసుకు వస్తారా అని అడగండి. ఫీజు కట్టేది ఆ తరువాతే.