కరెంటు కారులో ఇచ్ఛాపురం దాకా
(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డీఏ బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు కరెంటు మనిషి కదా, ఈ కరెంటు కార్ల సంగతేమిటో నాలుగు ముక్కలు చెప్పండి, మా అబ్బాయి కొంటానంటున్నాడు" అన్నారు. ఆయన ఒక్కరే కాదు, ఈ హాల్లో కనీసం పదిమంది ఇదే మాట అడిగారు. పిల్లలు హైదరాబాదులోనో, విశాఖలోనో ఉంటారు. పండక్కి కారులో వస్తారు. అర్ధరాత్రి మనలో ఎవరికైనా గుండె బరువెక్కితే ఆ కారులోనే విశాఖ తీసుకువెళ్ళాలి. అందుచేత ఇది వాళ్ళ సరదా మాత్రమే కాదు, మన అవసరం కూడా.

నేను 1979లో విద్యుత్ బోర్డులో చేరాను. బోర్డు 1999లో విడిపోయింది. 2000లో తూర్పు ప్రాంత పంపిణీ సంస్థ ఏర్పడింది. 2013లో అక్కడే పదవీ విరమణ చేశాను. కార్ల గురించి నాకు తెలిసింది తక్కువ. ఆ కారు వెనక ఉండే తీగ గురించి కొంచెం తెలుసు. ఆ తీగ గురించే చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. ఇప్పుడు మనవాళ్ళు కొంటున్న మధ్యరకం కారులో నలభై యూనిట్ల బ్యాటరీ ఉంటుందనుకోండి. రోడ్డు మీద యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు నడుస్తుంది. కంపెనీవారి కాగితం మీద ఇంకా ఎక్కువ రాసి ఉంటుంది, దాన్ని పక్కన పెట్టండి. విశాఖ నుంచి ఇచ్ఛాపురం సుమారు 245 కిలోమీటర్లు. నిండు బ్యాటరీతో బయలుదేరినా, ఏసీ వేసుకుని నలుగురు కూర్చుంటే, కంచిలి దాటేసరికి డ్రైవరు కళ్ళు రోడ్డు మీద ఉండవు, మీటరు మీద ఉంటాయి. కాబట్టి దారిలో ఎక్కడో ఒకచోట ఆగాలి.

ఆగితే ఎంతసేపు? ఇంట్లో పదిహేను ఆంపియర్ల ప్లగ్గులో పెడితే గంటకు మూడు యూనిట్లు ఎక్కుతాయి. అరవై శాతం నింపాలంటే, అంటే ఇరవై నాలుగు యూనిట్లకు, ఎనిమిది గంటలు. రాత్రి పెట్టి పొద్దున్న తీసుకోవడానికి అది బాగుంటుంది. దారిలో కుదరదు. అందుకే హైవే మీద పెద్ద యంత్రాలు పెడుతున్నారు. అరవై కిలోవాట్ల యంత్రమైతే అదే పని ముప్పావు గంటలోపు అవుతుంది. పూర్తిగా నిండేదాకా ఎందుకు ఉంచకూడదని కొందరు అడుగుతారు. సన్నమూతి కూజాలో నీళ్ళు పోసినట్టు ఉంటుంది ఈ బ్యాటరీ పని. ముందు గబగబా పోయవచ్చు. పైకి వచ్చేకొద్దీ నెమ్మదిగా పోయకపోతే పొంగుతుంది. ఎనభై శాతం దాటాక యంత్రమే వేగం తగ్గించేస్తుంది. చివరి ఇరవై శాతం కోసం అక్కడే కూర్చుంటే వెనకున్నవాడి కాలం కూడా వృథా.

ముప్పావు గంట ఆగడం మన వయసువాళ్ళకు పెద్ద కష్టమేమీ కాదు. షుగరున్నవాళ్ళం, ఎలాగూ గంటకోసారి ఆగేవాళ్ళమే. కాకపోతే ఆగినచోట మరుగుదొడ్డి, నీడ, కుర్చీ ఉండాలి. చాలాచోట్ల యంత్రం ఒక మూల ఎండలో పెట్టి వదిలేశారు.

ఇక తీగ సంగతి. అరవై కిలోవాట్లంటే అయిదు హార్స్‌పవరు పంపు మోటార్లు పదహారు ఒక్కసారి వేసినంత. ఒక్క కారు కోసం. అలాంటి యంత్రాలు నాలుగు పెడితే ఊరి ట్రాన్స్‌ఫార్మరు మీద వేలాడదీయడం కుదరదు. పదకొండు కేవీ లైను లాగి, దానికి సొంత ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి. యూరప్‌లో 350 కిలోవాట్ల యంత్రాలున్నాయి. ఎనిమిది పెట్టిన స్టేషనులో అన్నీ పూర్తిస్థాయిలో నడిస్తే రెండు వేల ఎనిమిది వందల కిలోవాట్లు. మన పల్లెల్లో 33/11 కేవీ సబ్‌స్టేషనులో ఉండే అయిదు ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మరులో సగానికి పైగా ఆ ఒక్క బంకే తాగేస్తుంది. యంత్రం కొనడం సులువు, లారీలో వచ్చేస్తుంది. దాని వెనక లైను, స్తంభాలు, బ్రేకరు, అనుమతులు, వీటికే నెలలు పడతాయి. కారులేమో ఇంకా తక్కువ. బంకు లేదని కారు కొనరు, కారు లేదని బంకు పెట్టరు. చెట్టు ముందా విత్తు ముందా అన్న పేచీ.

యూరప్‌లో ఈ పేచీ ఎలా తీర్చుకున్నారో చూడండి. నార్వే దేశం జనాభా సుమారు యాభై అయిదు లక్షలు. 2011 జనగణనలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ కలిపితే యాభై లక్షలు. అంటే దాదాపు మనంత దేశం. చలి, కొండలు, ఊరికీ ఊరికీ మధ్య దూరాలు. అక్కడ 2015 ప్రాంతంలో ఎనోవా అనే ప్రభుత్వ సంస్థ, ప్రధాన రహదారుల మీద ప్రతి యాభై కిలోమీటర్లకూ కనీసం రెండు ఫాస్ట్ చార్జర్లు పెట్టేవారికి డబ్బు సాయం చేసింది. రెండు అన్నమాట గమనించండి. ఒకటి చెడిపోతే ఇంకొకటి. 2024లో ఆ దేశంలో అమ్ముడుపోయిన కొత్త కార్లలో నూటికి సుమారు 89 కరెంటువే. మరోపక్క 2017లో బీఎండబ్ల్యూ, డైమ్లర్, ఫోర్డ్, ఫోక్స్‌వాగన్ కంపెనీలు బజారులో పోటీదారులై ఉండి కూడా డబ్బు కలిపి ఐయానిటీ అనే చార్జింగు సంస్థ పెట్టాయి. రోడ్డు మీద కరెంటు దొరక్కపోతే తమ కార్లు షెడ్డులోనే ఉండిపోతాయని వాటికి తెలుసు.

తర్వాత యూరోపియన్ యూనియన్ 2023లో చట్టమే చేసింది. 2024 ఏప్రిల్ నుంచి అమలు. ముఖ్యమైన రహదారుల మీద రెండు దిశల్లోనూ అరవై కిలోమీటర్లకొక స్టేషను ఉండాలి. 2025 చివరికి ఒక్కొక్క స్టేషను సామర్థ్యం కనీసం 400 కిలోవాట్లు, 2027 చివరికి 600. ఎన్ని చోట్ల పెట్టారనే కాదు, ఎంత కరెంటు ఇవ్వగలరనే లెక్క కూడా అందులో ఉంది. నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం బ్రిటన్‌వారి 2023 నిబంధన. ఫాస్ట్ చార్జర్లు నడిపే సంస్థ తన యంత్రాలు ఏడాదిలో సగటున 99 శాతం కాలం పనిచేస్తున్నట్టు చూపాలి. లేకపోతే జరిమానా. ఇరవై నాలుగు గంటలూ మనిషి పలికే ఉచిత ఫోను ఉండాలి. 2024 నవంబరు నుంచి ఇవి అమలులోకి వచ్చాయి.

మన దేశంలోనూ ప్రయత్నం తక్కువేమీ కాదు. కారుకు చార్జింగు పెట్టడం కరెంటు అమ్మకం కాదు, సేవ మాత్రమే, దానికి లైసెన్సు అక్కరలేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018లో తేల్చింది. అది మంచి నిర్ణయం. ఎవరైనా పెట్టుకోవచ్చు. అదే సంవత్సరం డిసెంబరులో మార్గదర్శకాలిచ్చి, హైవేకు రెండువైపులా ఇరవై అయిదు కిలోమీటర్లకొక చార్జింగు స్టేషను ఉండాలన్నారు. తర్వాత పలుమార్లు సవరించారు. 2023లో మూడు ప్రభుత్వ చమురు కంపెనీలకు 7,432 ఫాస్ట్ చార్జింగు స్టేషన్లకోసం ఎనిమిది వందల కోట్లు మంజూరైంది.

ఈ సంఖ్యలు వింటే నాకు పాత రోజులు గుర్తొస్తాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గ్రామ విద్యుదీకరణ జోరుగా సాగేది. ఊరి సరిహద్దులో ఎక్కడైనా, దేనికైనా ఒక్క కనెక్షను ఉంటే ఆ ఊరు విద్యుదీకరణ అయినట్టే లెక్క. 1997 దాకా అదే నిర్వచనం. పొలంలో ఒక మోటారు తిరిగితే చాలు, రికార్డులో ఊరంతా వెలుగే. ఊళ్ళో జనం లాంతర్లు తుడుచుకునేవారు. 2004లో వచ్చిన నిర్వచనం కనీసం నూటికి పది ఇళ్ళకు కరెంటుండాలంది. చార్జింగు స్టేషన్ల లెక్క ఇప్పుడు ఆ మొదటి దశలో ఉంది. పెట్టినది ఎన్ని అనే అడుగుతున్నాం. నిన్న రాత్రి పనిచేసినవి ఎన్ని అని అడగడం లేదు.

మా అల్లుడుగారి కారులో నేనొకసారి విశాఖ నుంచి ఇచ్ఛాపురం పెళ్ళికి వెళ్ళాను. హైవే పక్క ఒకచోట ఫోనులో స్టేషను చూపిస్తోంది, వెళ్ళాం. యంత్రం తెర నల్లగా ఉంది. కాపలా మనిషి వచ్చి, "మూడ్రోజులైంది బాబూ, ఎవులూ రానేదు. ఫోన్జేత్తే ఎత్తరు" అన్నాడు. అల్లుడుగారు, "మావయ్యగారూ, ఇంకో స్టేషను ముప్ఫై కిలోమీటర్లుంది, ఏసీ కట్టేద్దామా?" అన్నారు. వైశాఖ మాసం. కట్టేశాం. రెండో చోట యంత్రం బాగానే ఉంది. కాని దానికి వేరే యాప్ కావాలి, అందులో ముందు డబ్బు వేయాలి, ఓటీపీ రావాలి, అక్కడ సిగ్నలు లేదు. అల్లుడుగారు ఫోను పట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళి నిలబడి తెచ్చుకున్నారు. ఆ ఫోను నా చేతిలో ఉంటే ఆ పెళ్ళికి వెళ్ళి ఉండేవాళ్ళం కాదు. యూరప్‌లో కొత్తగా పెట్టే ఫాస్ట్ చార్జర్ల దగ్గర మామూలు బ్యాంకు కార్డు చూపిస్తే చాలాలని చట్టంలోనే రాశారు. మనకు కార్డు కూడా అక్కరలేదు. కిళ్ళీకొట్టులో ఉన్న క్యూఆర్ కాగితం ఇక్కడా అంటిస్తే సరిపోతుంది.

మన ప్రాంతానికి ఇంకో రెండు సంగతులున్నాయి, ఢిల్లీలో రాసే కాగితాల్లో అవి కనబడవు. ఒకటి ఉప్పుగాలి. నౌపడ ఉప్పు మళ్ళ మీదుగా గాలి వీచే ప్రాంతంలో లైను ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుని, మంచు పడిన తెల్లవారుజామున టపటపమని నిప్పురవ్వలు రావడం మన సిబ్బందికి కొత్త కాదు. అలాంటి చోట చార్జరు లోపలి బోర్డులు, తుపాకీ అంటారే ఆ ప్లగ్గు మొనలు శుభ్రం చేసే మనిషి దగ్గరలో ఉండాలి. సర్వీసు ఇంజనీరు ఎక్కడో దూరపు నగరం నుంచి రావాలంటే మూడు రోజులు పట్టడంలో వింత లేదు. మనకు ఐటీఐలు ఉన్నాయి, పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. మన కుర్రాళ్ళకు నేర్పితే టెక్కలి నుంచి గంటలో పలాస చేరతారు.

రెండోది తుఫాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. స్తంభాలు వేల సంఖ్యలో పడిపోయాయి. నేనప్పటికే రిటైరయ్యాను. ఇతర జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మన్లు పగలూ రాత్రీ పనిచేసినా, లోపలి పల్లెలకు కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది. ఇదే ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలిసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళవలసినవారు ఉన్నారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభం కావడంతో వారికి దూరం కొంత తగ్గింది. అయినా తుఫాను వారంలో కారు కదలకపోతే పలాస కూడా దూరమే. అప్పుడు పెట్రోలు కారుకు డబ్బాతో తెచ్చి పోసుకోవచ్చు. కరెంటును డబ్బాలో తేలేము. పెట్రోలు బంకుకు కూడా పంపు తిరగడానికి కరెంటు కావాలి నిజమే, చిన్న జనరేటరుతో పని జరుగుతుంది. అరవై కిలోవాట్ల చార్జరుకు పెద్ద జనరేటరో, నిల్వ బ్యాటరీలో కావాలి. హైవే మీద అన్నిటికీ పెట్టమని నేననను. నరసన్నపేట దాటాక ఇచ్ఛాపురం దాకా కనీసం రెండు చోట్ల, అంటే టెక్కలి దగ్గరొకటి, పలాస దగ్గరొకటి, అలా ఉండాలి. టెక్కలిలో 220 కేవీ సబ్‌స్టేషనుంది. అక్కడి నుంచి వచ్చే లైను ముందు బాగవుతుంది. చార్జింగు స్టేషనును ఆసుపత్రి, మంచినీళ్ళ పథకాల తర్వాత వరుసలో పెట్టి, ఆ ఫీడరు మీద ఉంచితే చాలావరకు పని జరుగుతుంది.

కొనాలా వద్దా అని అడిగినవారికి నా అభిప్రాయం చెబుతాను. విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ మధ్య తిరిగేవారు ఇంటి దగ్గర ప్లగ్గు పెట్టుకోగలిగితే నిశ్చింతగా కొనండి. ఖర్చు నిజంగానే తక్కువ. ఒక్కటే షరతు. ఇంటి ఎర్తింగు ముందు చూపించుకోండి. పాత ఇళ్ళలో ఎర్తు గొయ్యి ఎండిపోయి ఉంటుంది. పలాస అవతల ఉన్నవారు, ఇంట్లో ఒకటే కారు, ఇంట్లో రోగి ఉన్నారంటే మాత్రం ఇంకొక రెండేళ్ళు ఆగమని చెబుతాను.

ఈ లోపల మనం ఊరికే కూర్చోనక్కరలేదు. సంఘం తరఫున ఒక వినతిపత్రం తయారుచేశాను, కార్యదర్శిగారి దగ్గరుంది. ప్రతిచోటా కనీసం రెండు తుపాకులు, తెలుగులో పలికే ఫోను నంబరు, క్యూఆర్ చెల్లింపు, యంత్రం ఎన్ని రోజులు ఆగిపోయిందో నెలనెలా బోర్డు మీద రాయడం, ఇవే అందులో ఉన్నవి. పంపిణీ సంస్థకు, ఇద్దరు కలెక్టర్లకు పంపుదాం. సంతకం పెట్టదలచినవారు భోజనాలకు ముందే పెట్టండి, తర్వాత చెయ్యి కడుక్కోవడానికి వరుస పెద్దదవుతుంది. నాకిచ్చిన సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సెలవు.