గీజరులో పాత థర్మోస్టాటు మార్చుట
మైపాడు, కృష్ణపట్నం తీరములందలి ఉప్పుగాలి గీజరులోని తీగెల కొనలను సైతము తినివేయును. నీరు తగినంత కాగగానే విద్యుత్తును ఆపు సాధనము థర్మోస్టాటు. అది చెడినపుడు కొందరు తీగెలను నేరుగా కలిపివేయుదురు. అప్పుడు నీరు ఆగక మరగును. ఒత్తిడికి తొట్టి పగులవచ్చును.

కనుక మేము మనవి చేయునదేమన, ముందు మెయిను ఆపవలెను. పనిచేయునని రూఢిపరచుకొన్న టెస్టరుతో తీగెలను పరీక్షింపవలెను. నీరు చల్లారనీయవలెను. 230 వోల్టులపై 2000 వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్లు గ్రహించును. అంత మోయగల, పాతదానికి సరిపోవు థర్మోస్టాటునే కొనవలెను. తుప్పుపట్టిన కొనలు కత్తిరించి, మరలు గట్టిగా బిగించి, ఎర్తు తీగెను సరిచూడవలెను. తడినేలపై నిలుచు పసివారికి అదే రక్ష. చేతకానిచో ఎలక్ట్రీషియనును పిలుచుట చిన్నతనము కాదు.