నీలి తెర మీద నాలుగు వరుసలు

(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)



బడి జ్ఞాపకాలు నాకంటే బాగా చెప్పగలవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఈమధ్య మన బడి కంప్యూటర్ గదిలో పడ్డ పాట్ల గురించి చెబుతాను.

మన సంఘం బడికిచ్చిన పాత కంప్యూటర్లలో ఒకదానికి ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంది. విండోస్ 10కి కంపెనీ మద్దతు 2025 అక్టోబర్‌తో ముగిసింది. ఆ మెషీన్ విండోస్ 11కి సరిపోదు. కాబట్టి లైనక్స్ పెడదామన్నారు. పదో తరగతి పిల్లలు దాని మీద బ్లెండర్‌తో సౌర కుటుంబం చేసి సైన్స్ ప్రదర్శనలో పెట్టాలి. "నువ్వు ఇంజనీరువి కదా, చూడు" అన్నారు. ఇంజనీరునే, కానీ కరెంటు ఇంజనీరుని. ట్రాన్స్‌ఫార్మర్ విప్పమంటే విప్పుతాను. లైనక్స్ అంతవరకు ముట్టుకోలేదు. ఆ సంగతి చెప్పకుండా హెడ్మాస్టరు గారికి "రేపటికల్లా అయిపోతుంది సార్" అని మాటిచ్చాను.

ఉబుంటు ఉన్న పెన్ డ్రైవ్ పెట్టగానే తెర నల్లబడింది. కార్డు పాడుచేశాననే అనుకున్నాను. హైదరాబాదులో ఉన్న మన బడి తమ్ముడికి ఫోన్ చేశాను. "ఏం కాలేదన్నా. మెనూ వచ్చినప్పుడు 'ఇ' నొక్కి, 'లైనక్స్' అని మొదలయ్యే వరుసలో 'నోమోడ్‌సెట్' అని చేర్చు" అన్నాడు. చేర్చాను, బొమ్మ వచ్చింది. లైనక్స్‌లో ఈ కార్డులకు నూవో అనే డ్రైవర్ ముందే ఉంటుంది. కంపెనీ లోగుట్టు చెప్పకపోతే, కార్డు ఎలా నడుస్తుందో బయటివాళ్ళు గమనించి రాసుకున్నది అది. కొన్ని కార్డులతో దానికి పొసగదు. ఆ ఒక్క మాట చేరిస్తే తెర సంగతి తర్వాత చూద్దామని కెర్నెల్ ఊరుకుంటుంది.

ఈ గోప్యత మీద లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్‌కు ఎంత కోపమంటే, 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో కెమెరా ముందే ఆ కంపెనీకి ఒక వేలు చూపించాడు. ఏ వేలో గురువుల ముందు చెప్పలేను. పదేళ్ళకు, 2022 మేలో, కెర్నెల్‌లో నడిచే భాగం వరకు కంపెనీ బయటపెట్టింది.

ఇక నా తప్పు. విండోస్ అలవాటుకొద్దీ కంపెనీ వెబ్‌సైటుకు వెళ్ళి డ్రైవర్ ఫైలు దించుకున్నాను. "అన్నా, ఆగు, అది నడపకు" అన్నాడు తమ్ముడు. డ్రైవర్ ఇక్కడ కెర్నెల్‌లో భాగంగా పనిచేస్తుంది. కెర్నెల్ మారితే డ్రైవర్‌ను దానికి తగ్గట్టు మళ్ళీ కట్టుకోవాలి. ఉబుంటు ఇచ్చేదైతే ఆ పని అదే చూసుకుంటుంది, బయట నుంచి తెచ్చినదానికి ఆ పూచీ ఉండదు. ఏఎండీ, ఇంటెల్ కార్డులకైతే మామూలుగా అసలు ఏమీ తేనక్కర్లేదట, డ్రైవర్ కెర్నెల్‌తోనే వస్తుంది. నాకు కావలసింది ఒక్క ఆదేశం: 'సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్'. కార్డును గుర్తుపట్టి తగిన డ్రైవర్‌ను అదే ఎంచుకుంది. మధ్యలో పాస్‌వర్డ్ పెట్టమంటే ఏదో పెట్టాను.

రీస్టార్ట్ చేస్తే నీలి తెర, దాని మీద నాలుగు వరుసలు. మొదటిది 'కంటిన్యూ బూట్'. మంచి మాటే కదా అని నొక్కేశాను. కంప్యూటర్ తెరుచుకుంది, కానీ బ్లెండర్‌లో గోళాన్ని కాస్త తిప్పితే చాలు, బిగుసుకుపోయింది. రాత్రి తొమ్మిదిన్నర దాకా డ్రైవర్‌ను తీసి పెట్టి, తీసి పెట్టి, ప్రతిసారీ ఆ మొదటి వరుసే నొక్కి ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున్న ఆ బొమ్మ చేస్తున్న అమ్మాయి నా పక్కన నిలబడి నీలి తెరను పైనుంచి కిందికి చదివింది. "సార్, రెండో వరుసలో ఎన్‌రోల్ అని ఉంది. మీరెందుకు ప్రతిసారీ మొదటిదే నొక్కుతున్నారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ మెషీన్‌లో సెక్యూర్ బూట్ పనిచేస్తోంది. వార్డెన్ సంతకం లేని గేట్ పాస్‌ను హాస్టల్ వాచ్‌మన్ ఒప్పుకోనట్టే, గుర్తింపు పొందిన సంతకం లేని డ్రైవర్‌ను అది లోపలికి రానివ్వదు. మా డ్రైవర్ మీద ఆ మెషీనే తయారుచేసుకున్న సంతకం ఉంది. ఆ సంతకం చెల్లుతుందని కీబోర్డు ముందున్న మనిషి ఒక్కసారి ఒప్పుకోవాలి. పాస్‌వర్డ్ అడిగింది అందుకే. నేను ప్రతిసారీ ఒప్పుకోకుండా ముందుకు పోయాను.

"నువ్వే నొక్కమ్మా" అన్నాను. రెండో వరుస నొక్కింది, పాస్‌వర్డ్ కొట్టింది. రీస్టార్ట్ అయ్యాక 'ఎన్విడియా-ఎస్ఎంఐ' అని టైపు చేస్తే కార్డు పేరు, వేడి, మెమరీ అన్నీ పట్టికలో వచ్చాయి. బ్లెండర్‌లో శని గ్రహం వలయాలతో సహా గిర్రున తిరిగింది. హెడ్మాస్టరు గారికి చెప్పిన 'రేపటికి' ఇంకా గంటన్నర మిగిలే ఉంది.

ఆ మెషీన్ ఎలా నడుస్తోందో భోజనాలయ్యాక చూపిస్తాను. గది తాళం మాత్రం ఆ అమ్మాయినే అడగాలి.