బిడ్డకు టీకా, తల్లికి భయము

నెలన్నర బిడ్డను ఒడిలో నుంచుకొని టీకా కేంద్రము వసారాలో కూర్చున్న తల్లి మనస్సున మెదలెడి ప్రశ్న చాల సూటియైనది. ఆడుకొనుచు, పాలు త్రాగుచు, హాయిగా నిద్రించుచున్న బిడ్డకు చేతులారా జ్వరము తెప్పించుట ఎందులకు? ఈ ప్రశ్నను అజ్ఞానమని త్రోసివేయువారు కలరు. నా మట్టుకు నాకది అజ్ఞానముగా తోచదు. జబ్బుచేసిన బిడ్డకు మందిచ్చుట వేరు, జబ్బు లేని బిడ్డకు సూది వేయించుట వేరు. మొదటిదానియందు ఆశ ముందుండును. రెండవదానియందు భయము ముందుండును. వేయించిన పిమ్మట ఏమైనను జరిగినచో నింద తనదే యగునని తల్లి తలచును. వేయింపక మానినందువలన వ్యాధి వచ్చినచో, అది దైవికమని సరిపెట్టుకొనవచ్చును. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతపు పల్లెలలో ఈ లెక్కను తల్లి యొక్కతెయే వేయదు. అత్తగారును, ఇరుగుపొరుగువారును కలిసి వేయుదురు.

ఈ భయము నిన్న మొన్నటిది కాదు. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడుటకు పూర్వము ఈ సీమ కర్నూలు జిల్లాలోనిది. ఆ రోజులలో మశూచికమును వ్యాధియని పలుకుటకే జనులు జంకెడివారు. అమ్మవారు పోసినదనెడివారు. గుమ్మమునకు వేపమండలు కట్టి, పోలేరమ్మకు మ్రొక్కి, తల్లి శాంతించువరకు వేచియుండెడివారు. అట్టి యింటికి సూది పట్టుకొని వచ్చినవాడు అపచారము చేయవచ్చినవానివలె కనబడుటలో వింత యేమున్నది? టీకాలవాడు ఊరిలో అడుగుపెట్టెనని తెలిసినంతనే పిల్లలను లోపలి గదులలో దాచిన ఇండ్లు ఎన్నియో. వేపాకు గాలి రోగికి ఊరట నిచ్చియుండవచ్చును. కాని ఆ మహామారి సోకినవారిలో పదిమందికి ముగ్గురు వంతున మరణించుట మాత్రము తప్పలేదు. బ్రదికినవారిలో చూపు పోగొట్టుకొన్నవారును కలరు.

ఆవులకు వచ్చు మశూచినుండి ఎడ్వర్డు జెన్నరు 1796లో టీకా తీసెను. అది 1802లో బొంబాయి చేరినది. మన దేశమున మొదట ఆ టీకా పడినది అన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల పసిపాపకు. ఆ నాటినుండి 1975లో మన దేశమున చివరి రోగి కనబడువరకు నూటడెబ్బది యేండ్లకు పైగా పట్టినది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భూమిమీద మశూచికము లేదని ప్రకటించెను. ఆటలమ్మ మిగిలినది, పెద్దమ్మవారు పోయినది. పోలేరమ్మ కొలువులు మాత్రము నేటికిని జరుగుచునే యున్నవి. జరుగనిండు, వానికిని టీకాకును వైరమేమియు లేదు.

చదువుకొనినవారు భయపడలేదా యన్నచో, వారును భయపడిరి. క్షయవ్యాధికి బి.సి.జి. టీకా 1948లో మన మదనపల్లెలోనే మొదలైనది. 1955లో రాజాజీ అంతటివాడు ఆ టీకాను బహిరంగముగా వ్యతిరేకించి వ్రాసెను. తరువాత చెంగల్పట్టు ప్రాంతమున జరిగిన పెద్ద పరిశోధనలో, పెద్దలకు వచ్చు ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని తేలినది. ఈ మాట దాచనక్కరలేదు. అయినను పసిబిడ్డలకు మెదడు పొరలలో వచ్చు క్షయనుండియు, ఒడలంతయు వ్యాపించు క్షయనుండియు అది కాపాడును. అందుచేతనే పుట్టిన వెంటనే వేయుచున్నారు. వేసిన కొన్ని వారములకు ఎడమ భుజమున చిన్న కాయ లేచి, పుండై, మచ్చ కట్టును. దానికి పసుపుగాని, ఆకుపసరుగాని పూయక విడిచిపెట్టుటయే మందు.

టీకాలచే ఎన్నడును కీడు జరుగలేదని చెప్పుటయు సరి కాదు. 1902లో పంజాబు దేశమున ముల్కోవాల్ గ్రామములో ప్లేగు టీకా వేసికొనినవారిలో 19 మంది ధనుర్వాతముచే మరణించిరి. దోషము ఒక్క సీసాలో చేరిన మాలిన్యమునది. టీకాను కనిపెట్టిన హాఫ్‌కిన్ పండితుడు ఏండ్ల తరబడి ఆ నింద మోసి, పిమ్మట నిర్దోషిగా తేలెను. నేడు పిల్లలకు వేయు సిరంజి ఒక్కసారి నొక్కిన పిమ్మట మరల లాగుటకు వీలు లేనట్టిది. ఆ యేర్పాటు ఇటువంటి భయముల ఫలితమే. భయపడినవారి ప్రశ్నలవలన శాస్త్రము బాగుపడినదని చెప్పుటకు నాకు సంకోచము లేదు.

ఇక జ్వరము సంగతి. ఆరు, పది, పదునాలుగు వారములకు వేయు సూదిలో ఐదు వ్యాధులకు రక్షణ కలదు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతము, కామెర్లు తెచ్చు హెపటైటిస్ బి, న్యుమోనియాను మెదడు వాపును కలిగించు హిబ్ అనునవి అవి. ఇందు కోరింత దగ్గు భాగమే ఎక్కువగా జ్వరము తెచ్చును. చంపిన క్రిములను చూచి శరీరము శత్రువును గుర్తుపట్టుట నేర్చుకొనుచున్నది. ఆ అభ్యాసపు వేడియే ఆ జ్వరము. సామాన్యముగా ఒకటి రెండు దినములలో తగ్గును. బిడ్డ బరువును బట్టి నర్సు చెప్పిన మోతాదున పారాసిటమాల్ ఇచ్చి, తరచుగా పాలిచ్చిన చాలును. సూది వేసినచోట రుద్దరాదు, కాపడము పెట్టరాదు. తడిబట్ట వేయవచ్చును. వేయించిన పిమ్మట అరగంట అక్కడనే కూర్చుండవలెను, ఏలయన అరుదుగా వచ్చు తీవ్రమైన వికటము ఆ సమయముననే బయటపడును. మూర్ఛ వచ్చినను, ఊపిరి ఎగబోసినను, మూడు గంటలకు మించి ఓదార్చరాకుండ ఏడ్చినను, జ్వరము రెండు దినములు దాటినను ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఆ జ్వరమునకు జడిసి కోరింత దగ్గు టీకా మానినచో ఏమగునో బ్రిటను దేశము చూచినది. 1974లో ఆ టీకాపై వదంతులు పుట్టగా, నూటికి సుమారు ఎనుబదిమంది పిల్లలకు వేయుచుండినది ముప్పదికి పడిపోయెను. కొలది యేండ్లలోనే ఆ దేశమున కోరింత దగ్గు లక్షకు పైగా పిల్లలను పట్టినది. విడువక దగ్గి దగ్గి, ఊపిరి అందక నీలివర్ణము తిరిగిన పసిమొగమును చూచినవారు రెండు దినముల జ్వరమును లెక్క చేయరు.

కాకి వ్రాలుటయు, తాటిపండు పడుటయు ఒక్క క్షణమున జరిగినచో, కాకియే పండును పడగొట్టెనని తలచుట లోక సహజము. మన పెద్దలు దీనినే కాకతాళీయమనిరి. పసితనమున ప్రతి నెలయు ఏదో ఒక నలత వచ్చుచునే యుండును. ఆ వయస్సుననే టీకాలును పడుచుండును. రెండును తారసిల్లినప్పుడు నింద టీకాపై పడును. 1998లో ఇంగ్లండులో ఒక వైద్యుడు తట్టు టీకాకును, ఆటిజమునకును ముడిపెట్టి వ్రాసిన వ్యాసమును పత్రిక 2010లో ఉపసంహరించుకొనినది. కాని ఆ మాట ఫోనులలో నేటికిని తిరుగుచున్నది.

మన ప్రాంతపు భయములు మరి కొన్ని కలవు. వేసవిలో మార్కాపురపు ఎండకు మందు పాడగునేమో యను సందేహము చాల సమంజసమైనది. దోర్నాల మీదుగా నల్లమలలోని చెంచుగూడెములకు ఐసు పెట్టెలో మోసికొనిపోవలసిన మందు అది. సీసాపై గుండ్రని గుర్తు నడుమ చిన్న చదరముండును. ఆ చదరము చుట్టునున్న వలయముకంటె తెల్లగా ఉన్నంతవరకు మందు మంచిది. వలయపు రంగుకు వచ్చినచో పనికిరాదు. “సీసా ఒక్కసారి చూపించమ్మా” అని అడుగుట తప్పు కాదు. మంచి నర్సమ్మ దానికి నొచ్చుకొనదు. తట్టు టీకాను, బి.సి.జి.ని కలిపిన పిమ్మట నాలుగు గంటలు దాటినచో వాడరు, అదియు అడుగవచ్చును.

జలుబు, కొలది విరేచనములు, బిడ్డ బక్కగా నుండుట, ఇవి టీకా వాయిదా వేయుటకు కారణములు కావు. బక్క బిడ్డకే తట్టు ఎక్కువ ప్రమాదము. తొమ్మిది నెలలు నిండిన పిమ్మట ఒకటి, పదునారు నెలలు దాటిన పిమ్మట రెండవది వేయింపవలెను. ఒక్కదానితో ఊరకుండిన కొందరు పిల్లలకు రక్షణ చాలదు.

వర్షములు లేని యేట ఇక్కడి కుటుంబములు పనులకై గుంటూరు మిరప తోటలకును, హైదరాబాదు, బెంగుళూరు నగరములకును తరలిపోవును. తప్పిపోవు టీకాలు ఎక్కువగా ఆ పిల్లలవే. రేషను కార్డుతోపాటు బిడ్డ టీకా కార్డును మూటలో నుంచుకొనినచో ఏ ఊరి కేంద్రములోనైనను ఉచితముగా వేయుదురు. తేదీ దాటినదని సిగ్గుపడి మానుకొనువారు కలరు. మొదటినుండి మరల వేయనక్కరలేదు, ఆగినచోటినుండియే సాగింతురు.