చలికాలంలో చెవి మిషను మూలన పడకూడదు



గిట్టుబాటు ధర, సాగునీరు గురించి మాట్లాడే సభలో చెవి మిషను గొడవేమిటని కొందరికి అనిపించవచ్చు. ఏళ్ల తరబడి ట్రాక్టరు, నూర్పిడి మిషను, పవర్ స్ప్రేయర్ల హోరులో పనిచేసిన మనలో చాలామందికి వయసు మీదపడేసరికి వినికిడి తగ్గుతోంది. కాటా దగ్గర తూకం ఎంతన్నారో, బ్యాంకులో వడ్డీ ఎంతన్నారో వినపడని రైతు నష్టపోతాడు. అందుకే ఇది రైతు సమస్య.

మన గొలుగొండ మండలం లంబసింగి కొండల కిందనే ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో మంచు కమ్మితే పొద్దెక్కేదాకా విడవదు. మిషను పలకడం లేదని పెట్టెలో పడేసేది కూడా ఆ రోజుల్లోనే. చాలాసార్లు పాడైంది మిషను కాదు. చలికి బ్యాటరీ నీరసించి ఉంటుంది, లేదా లోపల చెమ్మ చేరి ఉంటుంది.

చెవి వెనక పెట్టుకునే మిషన్లలో ఎక్కువగా వాడే బిళ్ల బ్యాటరీ గాలి పీల్చుకుని పనిచేస్తుంది. దాని మీది స్టిక్కరు తీశాక అయిదు నిమిషాలు ఆగి మిషనులో పెట్టాలి. చలి ఎక్కువైతే దాని శక్తి తగ్గుతుంది. అదనపు బ్యాటరీని ప్యాకెట్టుతోనే చొక్కా లోపలి జేబులో ఉంచుకోండి. చిల్లర, తాళాలతో కలపవద్దు. ఫ్రిజ్‌లో పెట్టవద్దు. పసిపిల్లలకు అందనివ్వవద్దు. మింగితే ప్రాణాపాయం, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక చెమ్మ. మంచులో చేను చూసి వచ్చి బెల్లం పెనం ఆవిరి దగ్గర నిలబడితే, చల్లటి గ్లాసుకు నీటిబొట్లు పట్టినట్టే మిషనుకూ పడతాయి. తీసి పొడి నూలుగుడ్డతో తుడవండి. రాత్రి పడుకునే ముందు బ్యాటరీ తీసి, దాని తలుపు తెరిచే ఉంచి, సిలికాజెల్ పొట్లం వేసిన గట్టి మూత డబ్బాలో పెట్టండి. చెమ్మ ఆరుతుందని పొయ్యి పక్కన, చలిమంట దగ్గర, ఎండలో పెడితే ప్లాస్టిక్కు, లోపలి భాగాలు పాడవుతాయి. మంకీ క్యాపు, మఫ్లరు బిగించి కడితే మిషను కీచుమంటుంది, చెమట కూడా పడుతుంది. కాస్త వదులుగా కట్టుకోండి.

జాగ్రత్త మన వంతు. మరి ప్రభుత్వం వంతు? 60 ఏళ్లు దాటిన పేద వృద్ధులకు చెవి మిషన్లు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మొదలైంది. ఏడాదిపాటు ఉచిత మరమ్మతు కూడా ఆ పథకంలోనే ఉంది. శిబిరంలో మిషను చేతిలో పెట్టి ఫొటో తీసుకుంటే సరిపోదు. వాడకం, జాగ్రత్తలు తెలుగులో విడమరచి చెప్పాలి. బ్యాటరీలు మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే దొరకాలి. మరమ్మతు నర్సీపట్నంలోనే జరగాలి. ఈ మూడింటి కోసం మనం గట్టిగా అడుగుదాం.

ఈలోగా మీ ఊళ్లో పెట్టెల్లో పడి ఉన్న మిషన్లను బయటకు తీయించండి. కొత్త బ్యాటరీ వేసి చూడండి. సంఘం సభలో మన పెద్దల గొంతు వినపడాలంటే, ముందు సభ మాట వాళ్లకు వినపడాలి.