రథాన్ని నిలిపేవారు

(ఆలయ జీర్ణోద్ధరణ, పునఃప్రతిష్ఠ, మహాకుంభాభిషేక మహోత్సవాల సందర్భమున జరిగిన సభలో ఒక విశ్రాంత ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠము)



యంత్ర నిర్మాణంలోని అద్భుతాలను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని నిర్వాహకులు నన్ను ఆదేశించారు. మన ప్రాంతంలో ఈ విషయానికి కొదువ లేదు. రామచంద్రాపురం నుండి పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం మీదుగా సంగారెడ్డి వరకు సాగే రహదారికి ఇరువైపులా యంత్రాలే మన ఇరుగుపొరుగు. 1960లలో చెకోస్లొవేకియా సాంకేతిక సహకారంతో రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం వెలసింది. 1970లలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ రూపుదిద్దుకున్నది. 1980లలో ఎద్దుమైలారంలో యుద్ధశకటాల కర్మాగారం ఏర్పడింది. ఈ సభలో కూర్చున్న వారిలో సగానికి సగం మంది ఇళ్లలో పొయ్యి వెలిగేది ఏదో ఒక యంత్రం పుణ్యమే.

యంత్రాన్ని చూడగానే మనం వేసే మొదటి ప్రశ్న “ఇది ఎంత వేగంగా తిరుగుతుంది? ఎంత బరువు ఎత్తుతుంది?” అని. నా ఉద్యోగ జీవితమంతా ఆవిరి టర్బైన్ల మధ్య గడిచింది. ఆ అనుభవంతో నేను నేర్చుకున్న ప్రశ్న వేరు. “దీనిని ఆపేది ఏది?” నా దృష్టిలో యంత్రశాస్త్రంలోని అసలైన అద్భుతం ఆ ప్రశ్నకు సమాధానంలోనే ఉన్నది.

ముందుగా మన రథాన్నే తీసుకుందాం. ఎల్లుండి స్వామివారు కొత్త రథంపై వీధులలోకి వేంచేస్తారు. మోకు పట్టి లాగడానికి వందలమంది పోటీపడతారు. కాని కదిలిన రథానికి దారి చూపేది, దానిని నిలిపేది ఆ వందలమంది కాదు. చక్రాల ప్రక్కన చెక్కదిమ్మలు పట్టుకుని నడిచే నలుగురైదుగురు. ఒక చక్రం క్రింద దిమ్మ వేస్తే ఆ చక్రం నిదానిస్తుంది, రథం ఆ వైపునకు మళ్లుతుంది. రెండు ప్రక్కలా వేస్తే నిలుస్తుంది. చెక్క ఏటవాలుగా ఉన్నందున చక్రం దానిపైకి ఎక్కబోయి తన బరువుతో తానే ఆగుతుంది. రథం ఎంత బరువైతే దిమ్మ అంతగా నేలకు కరచుకుంటుంది. కదిలే బరువునే కళ్లెంగా మార్చిన ఈ ఉపాయాన్ని కనిపెట్టిన వడ్రంగి పేరు ఏ శాసనంలోనూ లేదు. ఊరంతా స్వామి ముఖం చూస్తూ నడుస్తుంటే దిమ్మ పట్టినవాడు చక్రాన్ని చూస్తూ నడుస్తాడు. అతని దర్శనం అదే.

ఇప్పుడు టర్బైను సంగతి. మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో ప్రవహిస్తుంది. అందుకు తగినట్లు పెద్ద ఆవిరి టర్బైను నిమిషానికి 3000 చుట్లు తిరగాలి. పదుల టన్నుల ఇరుసు వెంట్రుకమందం పాటి నూనె పొరపై తేలుతూ తిరుగుతుంది. భారీ టర్బైన్లలో చివరి వరుస రెక్కల కొనలు గాలిలో ధ్వని సాగే వేగాన్ని మించి పోతాయి. ఇంతటి వేగాన్ని అదుపులో ఉంచేది జనరేటరుపై ఉన్న భారం. పిడుగు పడియో, తీగ తెగియో ఆ భారం హఠాత్తుగా తొలగిపోయినదనుకోండి. ఆవిరి తోస్తూనే ఉంటుంది, ఎదురునిలిచేది ఉండదు. క్షణాలలో వేగం పెరుగుతుంది. వేగం పదిశాతం పెరిగితే రెక్కలను బయటకు లాగే బలం 21 శాతం పెరుగుతుంది. ఇరవై శాతం పెరిగితే 44 శాతం. అటుపైన ఉక్కు కూడా ఓర్చుకోలేదు. రెక్కలు తెగి గోడలను చీల్చుకుని పోతాయి.

దీనికి విరుగుడుగా మా పూర్వులు కల్పించిన సాధనం అరచేతిలో ఇమిడే ఒక బోల్టు. ఇరుసులో అడ్డంగా తొలిచిన రంధ్రంలో దానిని అమర్చి ఒక స్ప్రింగుతో బిగించి ఉంచుతారు. దాని బరువు ఇరుసు మధ్యకు కొద్దిగా ప్రక్కగా ఉంటుంది. 3000 చుట్ల వద్ద స్ప్రింగుదే పైచేయి. వేగం సుమారు 3300 దగ్గరకు చేరగానే బోల్టుదే పైచేయి అవుతుంది. అది కొంచెం బయటకు జరగగానే దానిని లాగే బలం ఇంకా పెరుగుతుంది. కనుక సగంలో ఆగక ఒక్క ఉదుటున బయటకు వచ్చి ప్రక్కనున్న మీటను కొడుతుంది. మీట పడగానే నూనె ఒత్తిడి పోతుంది. ఆవిరి కవాటాలను తెరిచి ఉంచేది ఆ ఒత్తిడే. అది పోగానే స్ప్రింగులు కవాటాలను మూసివేస్తాయి. ఈ బోల్టుకు విద్యుత్తు అక్కరలేదు, మనిషి ఆజ్ఞ అక్కరలేదు. శక్తి ఉంటేనే తలుపు తెరిచి ఉంటుంది, శక్తి తప్పితే తనంతట తానే మూతపడుతుంది. ఆపద వచ్చినప్పుడు యంత్రం క్షేమం వైపే ఒరగాలనే ధర్మం ఇందులో ఇమిడి ఉన్నది.

నా యౌవనంలో ఒక విద్యుత్ కేంద్రంలో జరిగిన సంగతి మనవి చేస్తాను. కొత్త టర్బైనుకు ఈ పరీక్ష చేస్తున్నాము. రాత్రివేళ. వేగం 3300 దాటింది, బోల్టు బయటకు రాలేదు. మా వృద్ధ ఫోర్‌మన్ చెయ్యి అప్పటికే చేతిమీటపై ఉన్నది. వెంటనే నొక్కి యంత్రాన్ని ఆపారు. ఉదయానికల్లా విద్యుత్తు ఇవ్వవలసిందేనని పైనుండి ఒత్తిడి. “ఈ పరీక్ష తరువాత చూచుకుందాం, సంతకం పెట్టండి” అన్నారు. ఆయన పెట్టలేదు. రెండు రోజులు కష్టపడి విప్పి చూస్తే, బోల్టు చుట్టూ నూనె జిగురులా గడ్డకట్టి పట్టివేసి ఉన్నది. గోటితో గీస్తే వచ్చేంత జిగురు! శుభ్రం చేసి మళ్లీ పరీక్షిస్తే సరిగ్గా పనిచేసింది. ఆనాడు ఆయన నాతో అన్న మాట: “బాబూ, గుర్రం పరుగు చూసి అందరూ మెచ్చుకుంటారు. పగ్గానికి నిలుస్తుందా లేదా అని చూసి కొనాలి.” ఆ రెండు రోజుల జాప్యానికి ఆయన సంజాయిషీ వ్రాసుకోవలసి వచ్చింది. ఆ సంతకం పెట్టి ఉంటే సంజాయిషీ వ్రాసుకోవడానికి మాలో ఎందరు మిగిలేవారో!

ప్రపంచ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. బరువులెత్తే లిఫ్టు 1850ల నాటికి కొత్తదేమీ కాదు. కాని త్రాడు తెగుతుందన్న భయంతో మనుషులు ఎక్కేవారు కారు. 1854లో అమెరికాకు చెందిన ఎలీషా ఓటిస్ న్యూయార్కు ప్రదర్శనశాలలో తాను లిఫ్టుపై నిలబడి, జనం చూస్తుండగా దాని త్రాడును నరికించాడు. త్రాడు బిగువు పోగానే స్ప్రింగు విచ్చుకుని ప్రక్కనున్న పళ్లలో చిక్కుకున్నది, లిఫ్టు నిలిచిపోయింది. ఈనాడు హైదరాబాదు పడమటి దిక్కున లేచిన ఆకాశహర్మ్యాలకు పునాది ఒక విధంగా ఆ స్ప్రింగే.

అంత దూరం ఎందుకు? మన మంజీరపై సింగూరు జలాశయం దాదాపు 30 టీఎంసీల నీటిని పట్టి నిలుపుతుంది. వరద వేళ తలుపులెత్తగానే చూడడానికి పరుగెత్తుతాము. ఆ తలుపుల వంపును ఎప్పుడైనా గమనించారా? అది ఒక వృత్తంలోని భాగం. నీరు ఎక్కడ తాకినా దాని తోపుడు ఆ వృత్తకేంద్రం వైపే పోతుంది. తలుపు తిరిగే కీలు సరిగ్గా అక్కడే ఉంటుంది. అందువలన వందల టన్నుల నీటి ఒత్తిడి కీలు గుండా కాంక్రీటు స్తంభాలలోకి చేరుతుంది. ఎత్తే యంత్రం మోయవలసింది తలుపు బరువును, కొంత రాపిడిని మాత్రమే. అవసరమైనంత కాలం పట్టి ఉంచడం, అవసరమైన క్షణాన తేలికగా విడువడం – రెండూ ఒక్క వంపులో సాధించారు.

మన చుట్టూ ఉన్న మందుల పరిశ్రమలలోనూ ఇటువంటి రక్షకులున్నారు. రసాయన పాత్రపై ఒక పలుచని లోహపు రేకును బిగిస్తారు. ఒత్తిడి హద్దు మీరితే అందరికన్న ముందు అది పగిలి, పాత్రను కాపాడుతుంది. పగలడమే దాని ఉద్యోగం. అయితే ఆ రేకు వెనుక గొట్టం మూసుకుపోయి ఉంటే, హెచ్చరిక గంట గోల భరించలేక ఎవరో దాని తీగ పీకివేసి ఉంటే, ఎంతటి మేధావి కల్పన అయినా వ్యర్థమే.

శుభవేళ అశుభం పలుకుతున్నందుకు మన్నించండి. 2025 జూన్ 30న మన పాశమైలారంలో ఒక కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభైమందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. పొట్ట చేతబట్టుకుని ఇతర రాష్ట్రాలనుండి వచ్చినవారు వారిలో ఎందరో. కారణాలను తేల్చడం నా పని కాదు. అదే సంవత్సరం ఆగస్టులో హైదరాబాదు రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు సోకి ఐదుగురు మరణించారు. ఒకటి కర్మాగారం, ఒకటి దైవకార్యం. భక్తి ఉన్నంత మాత్రాన తీగలో విద్యుత్తు ప్రక్కకు తప్పుకోదు.

కనుక ఈ వేదిక నుండి మూడు విన్నపాలు చేస్తున్నాను.

మొదటిది: రథం కదలక ముందే శిఖర కలశంతో సహా దాని ఎత్తును కొలిపించండి. దారి పొడవునా తీగలను చూపించండి. సరఫరా ఆపినట్లు విద్యుత్ శాఖవారి మాట చేతికందిన తరువాతనే మోకు ముట్టండి. ముహూర్తం కొంచెం దాటితే స్వామి ఆగ్రహించరు.

రెండవది: దిమ్మలు పట్టే పెద్దలకు వయసు మీద పడుతున్నది. వారి వెంట నలుగురు యువకులను నిలబెట్టి ఆ విద్య నేర్పించండి. దాతల పేర్లు శిలాఫలకంపై ఎక్కాయి, సంతోషం. ఈసారి రథోత్సవంలో తొలి ప్రసాదం ఆ దిమ్మలు పట్టిన చేతులకు అందాలి.

మూడవది కర్మాగారాలకు వెళ్లే బిడ్డలకు: రక్షణ మీటను త్రాడుతో కట్టివేయమని ఎవరు చెప్పినా కట్టకండి. మోగే గంటను నోరు మూయించకండి. అనుమానం కలిగితే ఆపండి. ఆపినందుకు ఒక మాట పడవలసి వస్తుంది, పడండి. అమ్మలారా, బిడ్డ షిఫ్టు నుండి ఆలస్యంగా వస్తే ఎందుకని అడుగుతారు కదా! యంత్రాన్ని ఆపి పరీక్షించినందువల్ల ఆలస్యమైనదని చెబితే, ఆ పూట వానికి ఒక ముద్ద ఎక్కువ పెట్టండి.

నూతన శోభతో వెలసిన స్వామి మనందరినీ చల్లగా చూచుగాక! మన రథం సుఖంగా కదలి, సుఖంగా నిలిచి, క్షేమంగా ఇల్లు చేరుగాక!

స్వస్తి.