మోటారు ఎదురు తిరుగు విధము



కాజీపేట-బల్లార్షా రైలుమార్గము 1929లో పూర్తియైనది. ఆ మార్గమందలి మంచిర్యాల స్టేషనులో బొగ్గుబండిని చూచినవారికి ఒక సంశయము కలుగవచ్చును. విద్యుదింజను ముందుకు పోయినట్లే వెనుకకును పోవును గదా! దాని మోటార్లు ఎదురుదిక్కునకు ఎట్లు తిరుగును?

"కరెంటు తీగలు తారుమారు చేసిన చాలును" అని నేను ఉపాధ్యాయుడనై యుండగా తరగతిలో చెప్పితిని. నిరూపించుటకై పాత లారీ సెల్ఫు మోటారు నొకదానిని బల్లకు బిగించి, బాటరీకి తగిలించితిని. గిర్రున తిరిగెను. తీగలు మార్చితిని. మరల ఆ దిక్కునకే తిరిగెను! పిల్లలు ముసిముసిగా నవ్విరి. మెకానిక్కు కుమారు డొకడు లేచి, "పంతులుగారూ! బయట ఎన్నిమార్లు మార్చినను అంతే. లోపలి చుట్ట కొనలు మార్చవలెను" అనెను. నాకు సిగ్గు కలిగెను. ఆ రాత్రి కారణము వెదకితిని.

ఈ మోటారులో రెండు తీగచుట్టలు గలవు. కదలక యుండునది ఫీల్డు, తిరుగునది ఆర్మేచరు. ఒకే ప్రవాహము రెండింటిగుండ వరుసగా పారును. కావుననే దీనిని సీరీసు మోటారందురు. ఈ రెండింటి అయస్కాంతబలముల పెనగులాటచేతనే మోటారు తిరుగును. బాటరీ తీగలు మార్చినచో ప్రవాహము రెండు చుట్టలలోను తలక్రిందగును. త్రోపు మాత్రము మునుపటి దిక్కుననే నిలుచును. "అతడు రాకపోడు" అన్నచో తప్పక వచ్చునని గదా అర్థము! రెండు నిషేధములు కలిసి విధియైనట్లే యిదియును.

ఇంటి మిక్సీయే ఇందుకు సాక్షి. అందుండునదియు సాధారణముగా ఈ జాతి మోటారే. ఇంటి కరెంటు సెకనునకు 100 మారులు దిశ మార్చుకొనినను, మిక్సీ కత్తి ఒక్క దిక్కునకే తిరుగును.

కావున రెండింటిలో ఒక్కదానినే మార్చవలెను. మరునాడు ఫీల్డు చుట్ట కొనలు మాత్రము తారుమారు చేయించగా మోటారు ఎదురు తిరిగెను. డబ్ల్యు.ఎ.జి.-5 తరగతి రైలింజనులలో ఇట్టి మోటార్లు ఆరు గలవు. డ్రైవరు మీట మార్చగా రివర్సరు అను సాధనము ఫీల్డు ప్రవాహమునే త్రిప్పును. క్రొత్త తరగతుల మూడు ఫేజుల మోటార్ల పద్ధతి వేరు.

రెండు హెచ్చరికలు. మోటారు పూర్తిగా ఆగిన పిమ్మటనే దిక్కు మార్చవలెను. తిరుగుచున్న ఆర్మేచరు తనలో పుట్టిన విద్యుద్బలముచే ప్రవాహము నడ్డగించుచుండును. నడుమ ఫీల్డు మార్చినచో ఆ అడ్డే తోడై, ప్రవాహము మితిమీరి చుట్టలు కాలును. మరియు, పెద్ద సీరీసు మోటారును బరువు లేక నడుపరాదు. వేగము హద్దు మీరి అది పగిలిపోవచ్చును. అందుచేతనే తరగతిలో క్షణకాలము మాత్రమే కరెంటు నిచ్చితిని.

నాడు తరగతియెదుట ఆ బాలునితో "నేటి గురువు నీవే" అంటిని. చేతిపని చేయువాని మాట పుస్తకము చదివినవాడును వినవలెను.